దాపట నడిచిన పిల్ల

అనగనగనగా, ఏటి ఒడ్డున ఎర్రమట్టి చేలున్న ఊరొకటి ఉండేదంట. ఆ ఊళ్ళో కోటిలింగం అని ఒక రైతు. ఆయన భార్య రత్తమ్మ. వాళ్ళకి చెంచు అని తొమ్మిదేళ్ళ పిల్ల. ఊఁ కొట్టు తల్లీ, నువ్వు ఊఁ కొట్టకపోతే కథ ముందుకి నడవదు.

కోటిలింగానికి సొంత చేను లేదు. కామందు చేను కౌలుకి చేసేవాడు. తొలకరి పడ్డాక నెల తిరక్కుండా దున్ని విత్తనం వెయ్యాలి, లేకపోతే చేను ఇంకొకళ్ళ చేతికి పోతుంది. అది కామందు మాట. చేను తనది కాకపోయినా ఎడ్లు మాత్రం తనవే. ఒకటి మచ్చోడు. నుదుటి మీద అరచెయ్యంత నల్లమచ్చ ఉండేది వాడికి. రెండోది బూడిదోడు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన బూడిద రంగు, పెద్ద పెద్ద కళ్ళు.

కాడికి రెండు పక్కలుంటాయి కదా. దున్నేవాడు వెనక నిలబడి చూస్తే, ఎడమచేతి వైపు కట్టేదాన్ని దాపటెద్దు అంటారు. కుడిచేతి వైపుది ఎలపటెద్దు. మచ్చోడు దాపట, బూడిదోడు ఎలపట. కోడెవయసులో మొదటిసారి కాడి కింద ఏ పక్క నిలబెట్టారో, ఇక జన్మంతా వాళ్ళకి అదే పక్క.

మనకీ అంతే కదమ్మా. గడప దాటేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలో ఆలోచించి పెడతావా? పెట్టవు. రత్తమ్మ బిందె ఎప్పుడూ ఎడమ చంకనే ఎత్తేది. కుడి చంకన ఎత్తితే అడుగడుగుకీ తొణికి చీరంతా తడిసేది. ఎందుకని అడిగితే ఏం చెబుతుంది? తలకాయలో ఏదో ఒక మూల ఎవరో కూచుని 'ఇటుపక్క' అంటారు, ఒళ్ళు ఆ మాట వింటుంది, అంతే. మనిషికైనా అంతే, పశువుకైనా అంతే.

చేను చివరికొచ్చి ఎడమకి మళ్ళేటప్పుడు చూడాలి ఆ ఇద్దరినీ. మచ్చోడు ఉన్నచోటే నిలబడి మెల్లిగా తిరిగేవాడు. బూడిదోడు పెద్ద పెద్ద అంగలు వేస్తూ వాడి చుట్టూ నడిచి వచ్చేవాడు. కోటిలింగం నోరెత్తక్కర్లేదు, చర్నాకోల ఎత్తక్కర్లేదు. చెంచు గట్టు మీద కూచుని చూసేది. వాళ్ళు మళ్ళిన ప్రతిసారీ తన తల కూడా వాళ్ళతోపాటు ఎడమకి తిరిగిపోయేది.

వాళ్ళని కాడికి కట్టి అప్పటికి ఏడేళ్ళు. ఆ ఏడు వానాకాలంలో మచ్చోడికి గొంతువాపు వచ్చింది. మొదటిరోజు మేత మానేశాడు. రెండోరోజు నీళ్ళు మానేశాడు. మూడోరోజు పొద్దెక్కేసరికి ఊపిరి మానేశాడు.

చేను గట్టునే గొయ్యి తీసి, పసుపు చల్లి పూడ్చిపెట్టారు. రత్తమ్మ ఏడ్చింది. కోటిలింగం ఏడవలేదు గానీ, మూడు పూటలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూచున్నాడు. చెంచు మాత్రం కొట్టంలోకి పోయి బూడిదోడిని చూసింది.

కొట్టం మొత్తం ఖాళీయే కదా. బూడిదోడు హాయిగా మధ్యలో పడుకోవచ్చు. పడుకోలేదు. కుడిగోడకి ఒళ్ళు ఆనించుకుని, ఎడమపక్క ఇంకో ఎద్దు పట్టేంత చోటు వదిలి నిలబడ్డాడు. మేత వేస్తే కుడివైపు సగమే తిన్నాడు. ఎడమవైపు సగం ముట్టుకోలేదు.

అప్పుడు కోటిలింగం నీళ్ళకి తోలుకుపోదామని పలుపు విప్పాడు. బూడిదోడు కదల్లేదు. అదిలించాడు, బుజ్జగించాడు, వీపు మీద తట్టాడు. ఊహూఁ. మెడ ఎడమకి తిప్పి చూస్తాడు, మళ్ళీ ముందుకి తిప్పుతాడు, నిలబడతాడు.

"తోడు రావాలని చూస్తున్నాడయ్యా" అంది రత్తమ్మ.

కోటిలింగం వెళ్ళి వాడి ఎడమపక్కన నిలబడ్డాడు. బూడిదోడు ఆయన్ని ఒకసారి చూసి, వెనక్కి తిరిగి నాగలి ఉండాల్సిన చోటు చూశాడు. పాపం, ఆయన ఉండాల్సింది వెనక కదా! వాడి లెక్కలో కోటిలింగం పక్కనుండే మనిషి కాదు.

అప్పుడు చెంచు వెళ్ళి నిలబడింది. నాన్నని పక్కకి జరగమని, వాడి ఎడమ భుజానికి తన తల ఆనించింది. ఏం చెయ్యాలో తెలియక మచ్చోడు చేసినట్టే ముక్కుతో ఒకసారి బుస్సుమని ఊపిరి వదిలింది. బూడిదోడు అడుగు వేశాడు.

ఆ రోజు నుంచి నీళ్ళకి పోవాలన్నా, మేతకి పోవాలన్నా, కడిగించుకోడానికి ఏటికి పోవాలన్నా చెంచు దాపట నడిస్తేనే బూడిదోడు కదిలేది. ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా?

"ఏం కోటిలింగం, దాపటెద్దు దొరికినట్టుందే! రెండు జడల ఎద్దు!" అనేవాళ్ళు.

"మేతెంత తింటది బావా ఇది? పళ్ళెన్ని?" అని మేనమామ అంకయ్య చెంచు గడ్డం పట్టుకుని నోరు తెరిపించబోయేవాడు.

చెంచుకి కోపం రాలేదు. లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. ఇంట్లో పని చెయ్యమంటే 'నాకు కాడి టైమైంది' అని పరిగెత్తేది. వాడి పక్కన నడుస్తూ ఎవరికీ చెప్పని మాటలన్నీ చెప్పేది. బడిలో పలక పగిలింది తనవల్లేనని వాడికి ఒక్కడికే తెలుసు. బూడిదోడు ఎడమ చెవి ఒక్కటే ఇటు తిప్పి వినేవాడు.

అయితే తల్లీ, ఎద్దు ఒక్కటే ఉంటే నాగలి కదలదు కదా. వేసవి ముదిరింది. తొలకరి దగ్గర పడుతోంది. కోటిలింగం ముందు రెండు దారులున్నాయి. బూడిదోడికి సరిపడే దాపటెద్దుని తేవడం ఒకటి. లేదూ, బూడిదోడినే ఇచ్చేసి జత ఎడ్లు తెచ్చుకోవడం. మొదటిదే చేద్దామని సంతలు తిరిగాడు. మంగళవారం సంతలో కోడెలున్నాయి గానీ కాడి ఎరగనివి. గురువారం సంతలో దాపటెద్దు ఉంది గానీ పొడిచే ఎద్దు. ఇక శనివారం సంతకి తెల్లారకముందే బయల్దేరిపోయాడు. రత్తమ్మ కూలికి పోయింది. ఇంట్లో చెంచు, కొట్టంలో బూడిదోడు.

అప్పుడు పొగడపాడు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో గొడుగు, భుజాన తువ్వాలు, కాళ్ళకి మోకాళ్ళదాకా దుమ్ము.

"కోటిలింగం ఇల్లు ఇదేనా అమ్మా? ఇక్కడ ఎద్దు ఒంటిదైపోయిందని విన్నా."

చెంచు నీళ్ళ చెంబు ఇచ్చింది.

ముసలాయన నీళ్ళు తాగి, చూరు కింద కూలబడి, తనకి తానే చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. "మాదీ ఒంటిదైపోయిందమ్మా. మా ఎలపటోడు పోయి రెండు నెలలైంది. దాపటోడు మిగిలాడు. ఒట్టి బక్కోడైపోతున్నాడు. మేత దగ్గర కుడిపక్క చోటు వదిలి నిలబడతాడు, పిచ్చోడిలాగా. వాడికొక ఎలపట తోడు దొరికితే చాలు. మా ఇంట్లో చిట్టు, తవుడు, పచ్చిగడ్డి దేనికీ లోటు లేదు."

ఆ తర్వాత లేచి కొట్టంలోకి వెళ్ళాడు. బూడిదోడి గంగడోలు నిమిరాడు. గిట్టలు చూశాడు. మెడ మీద కాడి కాయ కాసిన చోట వేళ్ళు పెట్టి చాలాసేపు తడిమాడు. బూడిదోడు ఆయన చెయ్యి వాసన చూసి ఊరుకున్నాడు. వాడు కొత్తవాళ్ళ దగ్గర అలా ఊరుకోవడం చెంచు ఎప్పుడూ చూడలేదు.

"ఇది ఏ పక్కదమ్మా?" అన్నాడు ముసలాయన.

చెంచు బూడిదోడికి దగ్గరగా జరిగింది. ఎలపట అంటే ఈయన తోలుకుపోతాడు. రేపటి నుంచి కొట్టం ఖాళీ. పలుపు ఎప్పుడు పట్టుకుందో తనకే తెలీదు, రెండు చేతులతో గుండెకి అదుముకుని పట్టుకుంది.

"దాపట" అంది.

ముసలాయన ఆ పిల్ల మొహంలోకి చూశాడు. పలుపు వైపు చూశాడు. మళ్ళీ బూడిదోడి మెడ వైపు చూశాడు. అప్పుడు గొడుగు తీసుకున్నాడు.

"దాపటా? సరేలే తల్లీ, మాకు పనికిరాదు. ఎండకి నిలబడకు, లోపలికి పో" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కోటిలింగం ఉత్తచేతులతో వచ్చాడు. "ఎవరైనా వచ్చారా అమ్మా?" అని అడిగాడు. "ఎవరూ రాలేదు నాన్నా" అంది చెంచు. ఒకటి చెప్పాక రెండోది తేలిగ్గా వచ్చేసింది. ఆ పిల్లకి అదే భయం వేసింది.

తర్వాతి శనివారం కోటిలింగం మళ్ళీ సంతకి వెళ్ళాడు. ఆ రోజు సాయంత్రం వచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు, నేరుగా కొట్టంలోకి పోయి బూడిదోడి దగ్గర కూచున్నాడు. రత్తమ్మ అన్నానికి పిలిచినా రాలేదు. లేచి వచ్చి ఒక్క మాట అన్నాడు. "ఇక సంతలకి తిరగను. అంకయ్య దగ్గర ఎర్రోడున్నాడుగా. రెంటినీ కలిపి కడతా."

అంకయ్యకి ఒక్క ఎద్దే ఉంది, ఎర్రోడని. కుర్ర ఎద్దు, మంచి బలం. అయితే అదీ ఎలపటదే. ఇద్దరూ ఎలపటోళ్ళైతే ఒకడు పక్క మారాలి కదా? ఎర్రోడిని దాపట నిలబెడితే కాడి విరగ్గొట్టినంత పని చేశాడు. అప్పుడు అంకయ్య అన్నాడు. "బావా, ఎర్రోడు మొండోడు. బూడిదోడు మంచోడు. వాడైతే సర్దుకుంటాడు."

మంచివాళ్ళనే సర్దుకోమంటారమ్మా ఎప్పుడూ. మొండివాళ్ళని ఎవరూ అడగరు.

తొలకరి పడింది. బూడిదోడిని దాపట కట్టారు.

మొదటిరోజు వాడు నడిచాడు గానీ, నిమిషానికొకసారి మెడ ఎడమకి తిప్పి చూశాడు. అటుపక్క ఎవరూ లేరు. ఎప్పుడూ ఎవరూ లేని కుడిపక్క నుంచేమో ఎర్రోడు భుజంతో తోస్తున్నాడు. పాపం, లోకమంతా తిరగబడినట్టుంది వాడికి. నాగటి చాలు పాములాగా వంకర్లు పోయింది. గట్టు మీద వాళ్ళు నవ్వారు.

రెండోరోజు కోటిలింగం చర్నాకోల ఎత్తాడు. ఏడేళ్ళలో ఎత్తనిది ఆ రోజు ఎత్తాడు. ఒక్క దెబ్బ వేసి, తనకే తగిలినట్టు చెయ్యి దులుపుకున్నాడు. చెంచు గట్టు మీంచి చూసింది. పరిగెత్తుకెళ్ళి, 'నాన్నా, పొగడపాడులో వీడికి సరైన జత ఉంది' అని చెబుదామని లేచింది. నాలుగడుగులు వేసింది. చెబితే రేపే తోలుకుపోతారు. ఆగిపోయింది. రేపు చెబుదాంలే, ఇవాళ కూడా కొట్టంలో ఉండనీ అనుకుంది.

మూడోరోజు చేను చివర మళ్ళాలి. ఎడమకి. దాపటోడు నిలబడి తిరగాలని చెప్పానా? బూడిదోడి ఒంటికి ఆ సంగతి తెలీదు. ఎడమకి మళ్ళేటప్పుడు పెద్ద పెద్ద అంగలు వెయ్యాలని ఏడేళ్ళ నుంచి వాడి కాళ్ళకి తెలుసు. అలాగే వేశాడు. అటు ఎర్రోడూ అంగలు వేశాడు. కాడి మెలిపడింది, నాగలి పక్కకి ఒరిగింది. కర్రు వెళ్ళి బూడిదోడి వెనక్కాలు గిట్ట పైన దిగబడింది.

వాడు అరవలేదు. ఆ కాలు పైకెత్తి మూడు కాళ్ళ మీద నిలబడి, ఎడమకి తిరిగి చూశాడు.

చెంచు అప్పటికే అక్కడుంది. లంగా కుచ్చెళ్ళు పట్టుకుని ఎలా దూకిందో, ఎన్ని చాళ్ళు దాటిందో తెలీదు. వాడి ఎడమపక్కన నిలబడి, రెండు చేతులూ మెడ చుట్టూ వేసి, "నడువు, నడువు, ఇంటికి పోదాం" అంది. ఆ మాటకి వాడు మూడు కాళ్ళతోనే ఇంటిదాకా నడిచాడు.

పశువుల డాక్టరు వచ్చి కట్టు కట్టాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కట్టాడు. మూడోసారి వచ్చినప్పుడు చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "నరం తెగింది కోటిలింగం. నడుస్తుంది గానీ బరువు లాగదు. ఇక కాడి మాట మర్చిపో."

చేను మాత్రం ఆగలేదు. పక్కింటివాళ్ళు తమ దుక్కి అయిపోయాక దాపటెద్దుని ఎరువిచ్చారు, ఎర్రోడికి జత కలిసింది. గడువుకి నాలుగు రోజులుందనగా విత్తనం పడింది. బూడిదోడు కొట్టంలో పడుకుని, దూరం నుంచి వినపడే అదిలింపులకి చెవులు ఆడించేవాడు.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి, గట్ల మీద గడ్డి ఎండింది, గడ్డివామి తరగడం మొదలెట్టింది. ఇంటి ఎత్తున ఉన్న వామి మనిషి ఎత్తయింది. మనిషి ఎత్తుది మోకాలి ఎత్తయింది. రత్తమ్మ వేళ్ళతో గడ్డి దువ్వి పరకలు ఏరి వేసేది. ఇంటి కప్పు మీది పాతగడ్డి కూడా లాగింది. ఒకరోజు ఆవిడే అంది.

"ఇట్టా మన కళ్ళముందు ఎండిపోనిద్దామా, ఇచ్చేద్దామా? ఏదో ఒకటి చెప్పయ్యా. నాకేదో ఇష్టమై అడుగుతున్నట్టు అట్టా చూడకు."

కుంటి ఎద్దుని చేను కోసం ఎవరూ కొనరు. కొనేవాళ్ళు దేనికి కొంటారో ఊళ్ళో అందరికీ తెలుసు. చెంచుకీ తెలుసు.

శనివారం పొద్దున్నే బూడిదోడికి స్నానం చేయించారు. రత్తమ్మ నుదుటికి పసుపు రాసి, కుడితి పట్టి, ఇంట్లోకి వెళ్ళిపోయింది, బయటికి రాలేదు. కోటిలింగం పలుపు పట్టుకుని లాగాడు. బూడిదోడు కదల్లేదు. అదిలించాడు. కదల్లేదు. పక్కన నిలబడ్డాడు. వాడు వెనక్కి తిరిగి చూశాడు.

కోటిలింగం తల దించుకుని చెంచు దగ్గరికి వచ్చాడు. ఆ పిల్ల గుమ్మంలో కూచుని ఉంది.

"అమ్మా" అన్నాడు. "నువ్వు దాపట నడిస్తేనే కదులుతాడమ్మా వాడు."

వింటున్నావా తల్లీ? అమ్మబోయే చోటికి వాడిని నడిపించేది చెంచు ఒక్కతే. ఆ పిల్ల రానంటే వాడు ఆగిపోతాడు. ఆగిపోతే ఆకలికి మలిగిపోతాడు. చెంచు గుమ్మాన్ని రెండు చేతులతో పట్టుకుంది. వదిలింది. మళ్ళీ పట్టుకుంది. అప్పుడు లేచి వెళ్ళి వాడి ఎడమపక్కన నిలబడింది.

సంత నాలుగు మైళ్ళు. కుంటుకుంటూ నడిచారు. దారిలో మూడుచోట్ల ఆగారు. ఏటి దగ్గర నీళ్ళు తాగించారు. రేగుచెట్టు కింద కట్టు సరిచేశారు. మూడోసారి ఎందుకాగారో ఎవరికీ తెలీదు, ముగ్గురూ ఊరికే నిలబడ్డారు. ఎప్పుడూ మాటలు చెప్పే చెంచు ఆ రోజు ఒక్క మాటా చెప్పలేదు. వాడు మాత్రం ఎడమ చెవి ఇటు తిప్పే ఉంచాడు, చెబుతుందేమోనని.

సంతలో తువ్వాలు కప్పి వేళ్ళు పట్టుకుని బేరం చేశారు. తొందరగానే అయిపోయింది. చివర్న లారీ ఉంది. పలకలు వాలుగా వేసి ఎడ్లని ఎక్కిస్తున్నారు. బూడిదోడు పలక ముందు ఆగిపోయాడు.

"ఎక్కదేందయ్యా నీ ఎద్దు? తోక మెలిపెట్టండ్రా!" అన్నాడు లారీ మనిషి.

"తోక ముట్టుకోవద్దు" అన్నాడు కోటిలింగం. చెంచు వైపు చూడకుండా అన్నాడు. అడగలేక.

చెంచే వెళ్ళింది. వాడి ఎడమ భుజానికి తల ఆనించి, ముక్కుతో బుస్సుమంది. పలక మీద ఒక అడుగు వేసింది. వాడూ వేశాడు. ఇంకో అడుగు. వాడూ వేశాడు. అలా లారీ లోపలిదాకా తనే నడిపించింది. లోపల చీకటిగా ఉంది. చాలా ఎడ్లున్నాయి. లారీ మనిషి బూడిదోడిని కట్టేశాడు. చెంచు వాడి కడుపు కిందుగా దూరి ఇవతలికి వచ్చింది. వాడు మెడ ఎడమకి తిప్పి వెతికాడు.

"మామా" అంది చెంచు లారీ మనిషితో, "ఆ ముసలెద్దుని వీడికి ఇటుపక్కన కట్టవా?"

"ఎటుపక్కనైతే ఏంది పాపా, సాయంత్రం దాకానేగా" అని నవ్వాడు అతను. నవ్వి, ఆ పిల్ల మొహం చూసి, నవ్వడం ఆపేశాడు. ముసలెద్దు తాడు విప్పి, తీసుకొచ్చి బూడిదోడి ఎడమపక్కన కట్టాడు. బూడిదోడు దాని ఒంటిని వాసన చూశాడు. తల ముందుకి తిప్పుకున్నాడు.

తండ్రీ కూతురూ తిరిగి ఇంటి దారి పట్టారు. సగం దారిలో చెంచు ఆగిపోయింది.

"నాన్నా, నువ్వు సంతకి పోయిన రోజు పొగడపాడు తాత వచ్చాడు. ఏ పక్కదని అడిగాడు. దాపట అని చెప్పా. ఆయనకి ఎలపటెద్దే కావాలి. నేను అబద్ధం చెప్పా నాన్నా. నన్ను కొట్టు."

కోటిలింగం కొట్టలేదు. రోడ్డు పక్కన తూము మీద కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

చెంచుకి అర్థం కాలేదు.

"ఆ తర్వాతి శనివారం ఆయన సంతలో కనపడ్డాడు. 'మెడ మీద కాయ చూస్తే ఎలపటదని తెలుస్తూనే ఉంది కోటిలింగం, మీ పాప పలుపు పట్టుకున్న తీరు చూసి నాకు అడగడానికి నోరు రాలేదు, నువ్వైనా చెప్పు, ఏ పక్కది?' అని అడిగాడు." కోటిలింగం మొహం మీంచి తువ్వాలు తీశాడు. "నేనూ దాపటనే చెప్పానమ్మా. వాడు లేని కొట్టం తలచుకుంటే నాకూ నోరు రాలేదు. నిన్ను కొడితే నన్నెవరు కొట్టాలి?"

చెంచు నిలబడి చూసింది. ఒక దెబ్బ పడితే బాగుండేది. దెబ్బ తిని ఏడిస్తే తేలికపడేది. కొట్టేవాళ్ళు కూడా లేకుండా పోయారు. పొగడపాడు తాత జాలిపడి ఊరుకున్నాడు. నాన్న ప్రేమకొద్దీ ఊరుకున్నాడు. తనూ అంతే. ముగ్గురూ బూడిదోడి మంచే కోరారు. వాళ్ళలో ఒక్కరు 'ఎలపట' అనుంటే, వాడు ఈపాటికి పొగడపాడులో పచ్చిగడ్డి తింటూ, ఎడమపక్కన తోడుతో నిలబడి ఉండేవాడు.

ఆ తర్వాత చెంచు కూడా వెళ్ళి తూము మీద కూచుంది. ఇద్దరూ ఏడ్చారు. దారిన పోయేవాళ్ళు ఎవరో పోయారనుకుని, బండి మెల్లిగా తోలుకుంటూ వెళ్ళారు.

మరుసటేడు కోటిలింగం రెండు కోడెదూడల్ని తెచ్చాడు. వాటికి కాడి నేర్పేటప్పుడు చెంచు ఒక మాట అడిగింది, ఆయన కాదనలేదు. ఒకరోజు ఒకదాన్ని దాపట కడితే, మర్నాడు ఎలపట కట్టేవాళ్ళు. ఊరంతా వచ్చి చూసింది.

"కోటిలింగం ఎడ్లకి రెండు చేతులా రాయడం నేర్పిస్తున్నాడర్రోయ్!" అని అంకయ్య ఎగతాళి చేశాడు.

నిజానికి ఆ కోడెలకి ఏ పక్కా పూర్తిగా రాలేదు. చాలు ఎప్పుడూ కాస్త వంకరగానే పడేది. పని ఆలస్యమయ్యేది. అయినా ఆ ఇంట్లో అదే పద్ధతి. చెంచు పెద్దదై, పెళ్ళై ఇంకో ఊరు పోయాక, ఆ ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టింది. అక్కడా నవ్వారు. నవ్వనీలే అనుకుంది.

ఏంటి తల్లీ? నిద్రపోలేదా ఇంకా? ఏమడుగుతున్నావు... లారీ దారిలో ఆగిపోయిందా అనా? బూడిదోడు తప్పించుకున్నాడా అనా?

నీ కళ్ళు చూస్తుంటే అవునని చెప్పాలని ఉందమ్మా. నోటిదాకా వచ్చింది. ఏటి ఒడ్డున పచ్చగడ్డి మేస్తున్నాడని చెబితే నువ్వు హాయిగా పడుకుంటావు.

లేదమ్మా. ఆగలేదు. బూడిదోడు తిరిగి రాలేదు.

ఇటు రా. ఏడుపొస్తే ఏడువు, నేనున్నాగా. పైట తడిస్తే తడవనీ.

కథ కంచి దారి పట్టిందంట,
మనం ఇంటి దారి పట్టామంట,
ఉన్నది ఉన్నట్టే విన్నామంట,
కళ్ళు తుడుచుకుని పడుకున్నామంట.